నిద్రపట్టుట నేర్చుకొనవచ్చునా?

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అని పెద్దలు చెప్పుదురు. పగలంతయు నాగలి పట్టిన రైతు అరుగుమీద చేతిని తలక్రింద పెట్టుకొని వాలిన కొద్ది నిమిషములకే గాఢనిద్రలో నుండును. అదే రాత్రి, అదే యూరిలో, మెత్తని పరుపుమీద పరుండిన మరియొకడు గడియారపు గంటలు లెక్కించుచు, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దొర్లుచు తెల్లవార్చును. ఈ యిద్దరికిని గల భేదమేమి? త్వరగా నిద్రించుట పుట్టుకతో వచ్చు భాగ్యమా? లేక ఈతవలె, సైకిలు త్రొక్కుటవలె అభ్యాసముచే అలవడు విద్యయా?

ప్రశ్న చాల పాతది. కాని ప్రయోగముల మూలమున దీనికి సమాధానము వెదకుట ప్రారంభమై నూరు సంవత్సరములకు కొంచెము మాత్రమే మించినది. ఆ వెదకులాటలో వైద్యులు మొదట నిద్రను మందులతో బలవంతముగా తెప్పింపజూచిరి. పిమ్మట శరీరమును సడలించుట నేర్పిరి. తుదకు నిద్ర ఆజ్ఞకు లొంగునది కాదనియు, దానికి అనువైన పరిస్థితులను సమకూర్చుటయే మనుష్యుని వంతనియు గ్రహించిరి. ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట, పరీక్షల కాలమున రాత్రులు మేల్కొను విద్యార్థులకును, వారికి బోధించు ఉపాధ్యాయులకును మిక్కిలి ఉపయోగకరము.

మందుల కాలము

పందొమ్మిదవ శతాబ్ది మధ్యవరకు నిద్రరానివారికి వైద్యులిచ్చుచుండినవి ముఖ్యముగా నల్లమందు, మద్యము. 1832లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ క్లోరల్ అను పదార్థమును తయారుచేసెను. ముప్పదియేడు సంవత్సరముల తరువాత, 1869లో, బెర్లిను నగరమున ఆస్కార్ లీబ్రైఖ్ దాని నుండి లభించు క్లోరల్ హైడ్రేటును నిద్రమందుగా ప్రవేశపెట్టెను. ఆయన చేసిన ఊహ చిత్రమైనది. ఈ పదార్థమునకు క్షారమును కలిపినచో క్లోరోఫారము వెలువడును. మన రక్తమునకు స్వల్పముగా క్షారగుణము కలదు. కావున రక్తములో చేరిన మందు మెల్లమెల్లగా క్లోరోఫారముగా మారి మత్తు కలిగించునని ఆయన తలచెను. ఊహ తప్పు, శరీరములో అది మారునది ఒక విధమైన ఆల్కహాలుగా మాత్రమే. అయినను మందు పనిచేసినది! తప్పు కారణముతో సరియైన ఫలితము లభించుట వైద్యచరిత్రలో అరుదు కాదు.

1903లో ఎమిల్ ఫిషర్, ఫాన్ మేరింగ్ అను ఇద్దరు జర్మను శాస్త్రజ్ఞులు బార్బిటాల్ అను మందును లోకమునకు అందించిరి. అది 'వెరొనాల్' అను పేరుతో అమ్ముడుపోయెను. దాని వెనుక అదే కుటుంబమునకు చెందిన మందులు అనేకము వచ్చినవి. ఇరువదవ శతాబ్ది మొదటి సగమున నిద్రమందు అనగా ఈ కుటుంబమే. కాని వీని దోషములును క్రమముగా బయటపడినవి. నిద్ర తెచ్చు మోతాదునకు, ప్రాణము తీయు మోతాదునకు మధ్య దూరము తక్కువ. శరీరము మందునకు అలవాటుపడిన కొలది మోతాదు పెంచవలసివచ్చును. హఠాత్తుగా మానినచో పూర్వముకంటె ఎక్కువ నిద్రలేమి కలుగుటయేగాక మూర్ఛలు కూడ రావచ్చును. పొరపాటున గాని, కావలయునని గాని ఎక్కువ మోతాదు మ్రింగి మరణించినవారు పెక్కుమంది. 1960 తరువాత వచ్చిన బెంజోడయజెపిన్ జాతి మందులలో ప్రాణభయము తగ్గినది గాని, అలవాటు పెట్టు గుణము పోలేదు.

మరియొక లోపము కూడ కలదు. మందు వేసికొన్నవాడు నిద్రించినను, నిద్రపట్టుటను గూర్చి అతడు నేర్చుకొన్నది ఏమియు లేదు. సీసా ఖాళీయైన నాడు అతడు బయలుదేరిన చోటనే యుండును.

కండరముల రహస్యము

1908లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎడ్మండ్ జేకబ్‌సన్ అను యువకుడు చదువుచుండెను. ఆకస్మికముగా పెద్ద చప్పుడైనపుడు మనుష్యుడు ఉలికిపడు విధమును అతడు పరిశోధించుచుండెను. అతనికిని నిద్రలేమి బాధ యుండెను. నిద్రరాని రాత్రులలో తన శరీరమును తానే పరీక్షించుకొనగా, పరుండియున్నను ఏదో ఒక కండరము బిగిసియే యున్నట్లు అతనికి తెలియవచ్చెను. ఆ మిగిలియున్న బిగువును సడలించినచో నిద్ర దగ్గరపడుచుండెను.

ఈ చిన్న గమనికయే జీవితమంతయు సాగిన పరిశోధనకు బీజమైనది. తరువాత షికాగోలో ఆయన వైద్యుడై, సడలింపును కొలుచుటకు పూనుకొనెను. మోకాలి చిప్పక్రింద చిన్న సుత్తితో కొట్టినచో కాలు ముందునకు ఎగురునని పాఠశాల విద్యార్థులెల్లరు ఎరుగుదురు. కండరములు బాగుగా సడలిన మనుష్యునిలో ఈ ఎగురుట మిక్కిలి తగ్గిపోవుచున్నదని ఆయన చూపెను. బెల్ టెలిఫోను ప్రయోగశాలల వారి సాయముతో కండరములలోని అతి స్వల్ప విద్యుత్తును, అనగా మైక్రోవోల్టు ప్రమాణములో నుండు దానిని, కొలుచు పరికరమును సిద్ధపరచెను. దానితో ఒక విశేషము వెల్లడియైనది. మనుష్యుడు కదలక పరుండి, చేయి ముడుచుచున్నట్లు కేవలము ఊహించినను, ఆ చేతి కండరములలో విద్యుత్తు పుట్టుచుండెను. అనగా పడకమీద మరునాటి పనులను తలపోయువాని శరీరము నిజముగా విశ్రమించుట లేదన్నమాట.

1929లో ప్రకటించిన 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అను గ్రంథములో ఆయన తన పద్ధతిని వివరించెను. ఒక్కొక్క కండర సమూహమును వరుసగా కొంచెము బిగించి, ఆ బిగువు ఎట్లుండునో గుర్తించి, పిమ్మట వదలివేయవలెను. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. పిల్లలను పిడికిలి బిగింపుమని, కొన్ని క్షణముల తరువాత వదలుమని చెప్పి, ముంజేతిలో కలిగిన భేదమును గమనింపుమనుడు. వదలుటకు ప్రత్యేకముగా చేయవలసిన పని ఏదియు లేదని వారే గ్రహింతురు. జేకబ్‌సన్ బోధలో ముఖ్యాంశము ఇదియే: సడలుటకై ప్రయాసపడుట సడలుట కాదు, ప్రయాసను మానుటయే సడలుట. ఆయన శిక్షణ అనేక దినములు పట్టుచుండెను. తరువాతి వైద్యులు దానిని కుదించి కొద్ది పాఠములుగా చేసిరి.

1932లో బెర్లినులో యోహన్నెస్ షుల్ట్జ్ మరియొక మార్గమును చూపెను. చేతులు, కాళ్లు బరువెక్కుచున్నవి, వెచ్చబడుచున్నవి అని మనస్సులో నెమ్మదిగా భావింపుమని ఆయన చెప్పెను. ఈ వెచ్చదనమునకు శరీరశాస్త్రములో ఆధారము చాలకాలమునకు లభించినది. 1999లో స్విట్జర్లాండులోని బాజెల్ నగర పరిశోధకులు, చేతులు పాదములలోని రక్తనాళములు విప్పారి చర్మము వెచ్చబడినవారికి త్వరగా నిద్రపట్టుచున్నదని కనుగొనిరి. చర్మము వెచ్చబడినచో శరీరము లోపలి వేడి బయటకు పోయి, లోపలి ఉష్ణోగ్రత కొంచెము తగ్గును. ఆ తగ్గుదల నిద్రకు అనుకూలము.

మన దేశమున శవాసనము ఏనాటినుండియో ఉన్నది. పదునైదవ శతాబ్దికి చెందిన హఠయోగప్రదీపిక దీనిని శ్రమ తీర్చి మనస్సునకు విశ్రాంతి నొసగు ఆసనముగా పేర్కొన్నది. 1969లో బొంబాయి వైద్యుడు దాతే, ఆయన సహచరులు రక్తపు పోటు గల రోగులకు శవాసనము నేర్పి, ఫలితములను ప్రకటించిరి. వారి పరిశోధన నిద్రను గూర్చినది కాకున్నను, సడలింపు అనునది కొలువదగిన శారీరక స్థితియని అదియు తెలుపుచున్నది.

నిద్రను కొలుచుట

నిద్ర ఎపుడు వచ్చినదో నిద్రించువాడు చెప్పలేడు. ప్రక్కనున్నవాడును నిశ్చయముగా చెప్పలేడు. ఈ చిక్కును విడదీసినవాడు జర్మనీలోని యేనా నగర వైద్యుడు హాన్స్ బెర్గర్. తలపై అంటించిన లోహపు పలకల సాయముతో మెదడులోని విద్యుత్తరంగములను గీయవచ్చునని ఆయన 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని మెలకువతో విశ్రమించువాని మెదడులో సెకనుకు సుమారు పది తరంగములు లేచుచుండును. 1937లో అమెరికాలో లూమిస్, హార్వీ, హోబర్ట్ అను వారు రాత్రి పొడుగునను ఈ గీతలను తీసి, నిద్రలో వేర్వేరు మెట్లు గలవని తేల్చిరి. కునుకు పట్టగనే ఆ క్రమమైన తరంగములు చెదరును. నిద్ర గాఢమైన కొలది పెద్దవై, మందగించును.

దీనివలన ఒక వింత విషయము తెలిసినది. మొదటి మెట్టులో నున్నవానిని లేపి అడిగినచో, "నేను నిద్రపోలేదే!" అని అనేకులు చెప్పుదురు. నిద్రలేమితో బాధపడువారు తాము మేల్కొని గడపిన కాలమును ఎక్కువగా అంచనా వేయుట సాధారణము. కావున "రాత్రి కన్ను మూయలేదు" అను మాట అబద్ధము కాకపోయినను, గీతలు చూపు నిజము కొంత వేరుగా నుండవచ్చును.

రెండు శక్తులు

నిద్ర మెదడులో ఎక్కడ పుట్టును? 1917లో వియన్నా వైద్యుడు ఫాన్ ఎకనోమో ఒక క్రొత్త మెదడు వాపు వ్యాధిని వర్ణించెను. ఆ రోగులలో ఎక్కువమంది వారముల తరబడి నిద్రించుచుండిరి. కొందరు మాత్రము నిద్రయే యెరుగకుండిరి. మరణించినవారి మెదడులను పరీక్షింపగా, అతినిద్ర కలవారిలో హైపోథలామస్ వెనుకభాగమున, నిద్రలేనివారిలో దాని ముందుభాగమున దెబ్బ కనబడెను. నిద్రకు, మెలకువకు వేర్వేరు స్థానములు గలవని ఆయన ఊహించెను. ఈ ఊహ సరియైనది. 1996లో హార్వర్డు పరిశోధకులు ఎలుకలలో హైపోథలామస్ ముందుభాగమున, నిద్రించునపుడు పనిచేయు జీవకణములను గుర్తించిరి. ఈ కణములును, మెలకువను నిలుపు కణములును ఒకదాని నొకటి అణచును. దీపపు మీట పైకో క్రిందికో పడును గాని నడుమ నిలువదు. మెదడు కూడ అట్లే ఒక ప్రక్కకు ఒరగును. భయము, కోపము, ఆతురత మెలకువ ప్రక్కను బలపరచును.

మరి నిద్ర ప్రక్కను బలపరచునది ఏది? 1938లో షికాగో విశ్వవిద్యాలయపు క్లైట్‌మన్, ఆయన శిష్యుడు రిచర్డ్‌సన్ కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహలో 32 దినములు నివసించిరి. అచ్చట సూర్యకాంతి లేదు, ఉష్ణోగ్రతలో మార్పు లేదు. వారు దినమును 28 గంటలుగా ఏర్పరచుకొనిరి. వయస్సులో చిన్నవాడైన రిచర్డ్‌సన్ క్రొత్త దినమునకు అలవాటుపడెను. క్లైట్‌మన్ శరీరోష్ణత మాత్రము 24 గంటలకే పెరుగుచు తరుగుచుండెను. పరుండవలసిన వేళ నిద్రరాదు, మేల్కొనవలసిన వేళ కునుకుపాట్లు. శరీరములో స్వంత గడియారము గలదని దీనిచే స్పష్టమైనది.

1982లో జూరిక్ శాస్త్రజ్ఞుడు బోర్బెలీ ఈ విషయములను ఒక సిద్ధాంతముగా కూర్చెను. మెలకువగా గడపిన ప్రతి గంటకు నిద్ర ఒత్తిడి పెరుగుచుండును, నిద్రించినపుడు తగ్గును. ఇది ఒక శక్తి. లోపలి గడియారము రెండవది. ఈ రెండును కూడిన వేళ నిద్ర సులభముగా పట్టును. మెలకువలో మెదడున పేరుకొను అడినోసిన్ అను పదార్థము ఈ ఒత్తిడికి ఒక కారణము. కాఫీ, టీలలోని కెఫీన్ ఈ పదార్థము పనిచేయు చోట్లను ముందుగానే ఆక్రమించి, ఒత్తిడి తెలియకుండ చేయును.

రైతు అదృష్టము ఇప్పుడు అర్థమగును. అతడు చీకటితోనే లేచును. రోజును అదే వేళకు లేచును. పగలంతయు వెలుతురులో శ్రమించును. అతని ఒత్తిడియు నిండుగా నుండును, గడియారమును సరిగా నుండును.

పడకతో తగవు

1972లో అమెరికాలో రిచర్డ్ బూట్‌జిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మరియొక చిక్కును పరిష్కరించెను. చాల రాత్రులు పడకమీద మేల్కొని బాధపడినవానికి పడకయే మెలకువకు గుర్తు అగును. పావ్లోవ్ కుక్కకు గంట ఎట్లో, వీనికి పడక అట్లు. అందుచే కుర్చీలో తూలుచున్నవాడు పడక చేరగనే తెలివి తెచ్చుకొనును. ఈ ముడిని విప్పుటకు బూట్‌జిన్ కొన్ని నియమములను విధించెను. నిద్ర వచ్చుచున్నపుడే పడక చేరవలెను. పడకమీద చదువుట, తినుట, చింతించుట కూడదు. కొంతసేపటికి నిద్రరానిచో లేచి వేరొక చోట కూర్చుండి, మరల నిద్ర వచ్చినపుడే రావలెను. రాత్రి ఎట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. పగటి నిద్ర మానవలెను.

1987లో స్పీల్‌మన్, ఆయన సహచరులు మరియొక అడుగు వేసిరి. ఎనిమిది గంటలు పడకమీద నుండి అయిదున్నర గంటలే నిద్రించువానిని, ఇంచుమించు అంతకాలమే పడకమీద నుండుమనిరి. ఒత్తిడి పెరిగి, నిద్ర చిక్కబడిన పిమ్మట పడక కాలమును కొంచెము కొంచెముగా పెంచిరి. ఇది వైద్యుని పర్యవేక్షణలో చేయవలసిన చికిత్స. ఈ నియమములు, సడలింపు, నిద్రను గూర్చిన తప్పు భావములను దిద్దుట అన్నియు కలిసి నేడు ఒకే చికిత్సగా ఏర్పడినవి. దీర్ఘకాలపు నిద్రలేమి గల పెద్దలకు మందులకంటె ముందుగా ఈ చికిత్సనే ఇయ్యవలెనని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసినది. వెరొనాల్ సీసా వచ్చిన 113 సంవత్సరములకు విద్యకు మందుపై ఆధిక్యము లభించినదన్నమాట.

తొందర పనికిరాదు

నిద్రకై తొందరపడిన ఏమగును? 1996లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వెగ్నర్, ఆయన సహచరులు దీనిని పరీక్షించిరి. కొందరిని వీలైనంత త్వరగా నిద్రింపుమనిరి. మరికొందరిని ఇష్టము వచ్చినపుడు నిద్రింపుమనిరి. మనస్సును కలత పెట్టు కవాతు సంగీతము వినిపించుచుండగా, త్వరపడినవారికే నిద్ర ఆలస్యమైనది. మనస్సు చింతతో నిండియున్నపుడు "నిద్రపోవలెను, నిద్రపోవలెను" అను పట్టుదల శత్రువగునని దీని భావము. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ ఇంతకు చాల పూర్వమే తన రోగులకు వింత సలహా నిచ్చుచుండెను: నిద్రకై ప్రయత్నింపకుడు, మేల్కొని యుండుటకే ప్రయత్నింపుడు! ప్రయాస పోగానే నిద్ర తనంత తాను వచ్చుచుండెను.

రెండు నిమిషములలో నిద్రపట్టు ఉపాయము ఒకటి ప్రచారములో నున్నది. దీనికి మూలము పరుగుపందెముల శిక్షకుడు లాయిడ్ వింటర్ 1981లో ప్రకటించిన పుస్తకము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా నౌకాదళపు యువ వైమానికులకు నేర్పిన సడలింపు పద్ధతిని ఆయన అందులో వర్ణించెను. ముఖము, భుజములు, కాళ్లు వరుసగా సడలించి, మనస్సును ఒక నెమ్మదియైన దృశ్యముపై నిలుపుట అందలి సారము. పద్ధతి మంచిదే, జేకబ్‌సన్ మార్గమునకు సమీపమైనదే. కాని అది శిక్షకుని అనుభవ గ్రంథము, ప్రయోగశాల నివేదిక కాదు. పైగా కఠిన శిక్షణలో అలసిన యువకులలో నిద్ర ఒత్తిడి ఎంత యుండునో ఊహింపవచ్చును.

అసలు, క్షణములో నిద్రించుట గొప్ప కాదు. 1970 తరువాతి సంవత్సరములలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కార్స్‌కడన్, డెమెంట్ అను వారు పగటివేళ రెండేసి గంటల కొకసారి మనుష్యుని చీకటి గదిలో పరుండబెట్టి, ఎన్ని నిమిషములకు నిద్రపట్టునో మెదడు తరంగముల మూలమున కొలిచిరి. చాలినంత నిద్ర గలవారికి పది నిమిషములకు మించి పట్టుట సహజము. సగటున అయిదు నిమిషముల లోపల నిద్రపోవుట తీవ్రమైన నిద్ర బాకీకి గాని, వ్యాధికి గాని గుర్తు. కావున రాత్రి పది, ఇరువది నిమిషములు మేల్కొని యుండినంత మాత్రమున విచారింప పనిలేదు.

విద్యార్థుల విషయము

యౌవనారంభమున శరీరపు గడియారము ఆలస్యముగా నడచునని కార్స్‌కడన్ పరిశోధనలు 1993 నుండి తెలుపుచున్నవి. పదునాలుగు, పదునైదేండ్ల బాలునికి రాత్రి తొమ్మిదింటికి నిద్రరాకుండుటకు సోమరితనము గాని, మొండితనము గాని కారణము కాదు. 13 మొదలు 18 సంవత్సరముల వయస్సువారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య సంస్థ 2016లో తెలిపినది. తెల్లవారుజామున చదువుటకు లేపబడు పిల్లవాడు ఈ నిద్రలో ఎంత కోల్పోవుచున్నాడో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు లెక్క చూడవలెను. మొదటి పీరియడులో తల వాల్చిన విద్యార్థిని దండించుటకు ముందు, రాత్రి ఎపుడు పరుండెనో అడుగుట న్యాయము.

పరీక్షల దినములలో పాటింపదగిన నియమములు కొన్ని మాత్రమే. ప్రతిదినమును ఒకే వేళకు లేచి, ఉదయపు వెలుతురులో కొంతసేపు తిరుగవలెను. మధ్యాహ్నము దాటిన పిమ్మట కాఫీ, టీలు మానవలెను. పుస్తకములను, సెల్‌ఫోనును పడకమీదికి తేరాదు. పరుండుటకు ముందు మరునాటి పనులను కాగితముపై వ్రాసి ప్రక్కన పెట్టవలెను. దీపము ఆర్పిన తరువాత పాదములనుండి ముఖమువరకు ఒక్కొక్క భాగమును సడలింపవలెను. గడియారము కంటికి కనబడకుండ నుంచవలెను. అప్పటికిని నిద్రరానిచో లేచి కూర్చుండి, వచ్చువరకు వేచియుండవలెను. ఒక రాత్రి తక్కువైన నిద్ర మరునాటి రాత్రికి ఒత్తిడిగా మారి సహాయపడును. నెలల తరబడి నిద్రలేమి బాధించినచో మందుల దుకాణమునకు గాక వైద్యుని యొద్దకు పోవలెను.

సైకిలు త్రొక్కుటకు కాళ్లను కదపవలెను; ఈదుటకు చేతులు ఆడింపవలెను. నిద్రపట్టుట మాత్రము కదలికలను ఒక్కొక్కటిగా మానుట వలన అలవడు విద్య. అది ఒకటి రెండు రాత్రులలో వచ్చునది కాదు. కొన్ని వారములపాటు ఓపికతో పై నియమములను పాటించినవారికి దాని ఫలము కనబడును.